నాలుగో మూల ముడి

బంతి తెరకు తగిలి డప్పులా మోగింది. వెంటనే యంత్రంలో ముందే నింపిపెట్టిన చప్పట్లు మొదలయ్యాయి. గోల్ఫ్ కర్ర పట్టుకున్న మనిషి నాలుగు నెలల్లో మొదటిసారి సరిగ్గా కొట్టాడు. తెర మీది పచ్చిక మైదానంలో బొమ్మ బంతి ఇంకా గాల్లోనే ఉంది. అది కింద పడేలోపే నిజం బంతి వెనక్కి తిరిగొచ్చి, అతని వెనక నిలబడిన ఎనిమిదేళ్ల కూతురి ఎడమ కంటికి తగిలింది.

పాప వెంటనే ఏడవలేదు. చేత్తో కన్ను మూసుకుని అట్లాగే నిలబడింది. తండ్రి తెర మీద పడే అంకె కోసం చూస్తున్నాడు. నూట యాభై గజాలు దాటిందని చూసి నవ్వుతూ వెనక్కి తిరిగాడు. అప్పుడు పాప అంది:

"డాడీ, నాకు కనపడ్డంలే."

తల్లి అవతల కౌంటర్ దగ్గర ఉగ్గాని ప్లేటుతో నిలబడి మాట్లాడుతోంది. ప్లేటు కింద పెట్టిందో, పడేసిందో నాకు గుర్తులేదు. నేను గోడవార కుర్చీలో టీ తాగుతూ ఉన్నాను. ఆ గోల్ఫ్ హాలు నడిపే మనిషి పాపను ఎత్తుకుని బయటికి పరుగెత్తాడు. చప్పట్లు మాత్రం ఆగలేదు. వాటిని ఎలా ఆపాలో నాకు తెలియదు.

తెర అంత బిగుతుగా ఎందుకుందో ఆ హాల్లో ముగ్గురికి తెలుసు. నడిపే మనిషికి, అతని భార్యకు, నాకు.

పత్రికల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, మీ సర్వీసులో మరిచిపోలేని వార్త ఏదని. వరదలు, ఎన్నికలు, ఫ్యాక్షన్ రోజులు చెబుతానని ఎదురుచూస్తారు. అవి చెప్పడం తేలిక. వాటిలో నేను చూసినవాణ్ని మాత్రమే. ఇది చెప్పడానికి ఇంత కాలం పట్టింది.

నంద్యాలలో ఒక దినపత్రికకు ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. మొదట విలేకరిగా, తర్వాత స్టాఫ్ రిపోర్టరుగా. ఊరు జిల్లా కేంద్రం అయ్యాక పేజీలు పెరిగాయి, వాటిని నింపే పని కూడా పెరిగింది. రోజూ ఏదో ఒక కొత్త సంగతి కావాలి. కొత్త హోటలు, కొత్త షోరూము, కొత్త ఆట. పదవీ విరమణకు ఏడాది ఉందనగా ఒక మనిషి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. నలభై దాటిన వయసు, ఎండకు మాడిన మెడ, తెల్లటి టోపీ.

"అన్నా, నేను ఇంటి లోపల గోల్ఫ్ పెడతాండా. ఒక్క పాలి వచ్చి చూడన్నా."

పక్క టేబుల్ నుంచి మా డెస్కు మిత్రుడు అందుకున్నాడు. "ఏందప్పా, ఇంటి లోపల గోల్ఫా? ఇంటి లోపల కబడ్డీ గూడ పెట్టు. మేమూ వస్తాం."

ఆ మనిషి నవ్వాడు కానీ కదల్లేదు. అతనిది ఆళ్లగడ్డ. తండ్రి రాతి శిల్పి. దేవుళ్ల విగ్రహాలు చెక్కే ఇల్లు. ఇతనికి ఉలి పట్టు దొరకలేదు. ముప్పై దగ్గరపడ్డాక బెంగళూరు పోయి ఒక గోల్ఫ్ మైదానంలో బంతులు ఏరే పనిలో చేరాడు. పన్నెండేళ్లు అక్కడే. చూసి చూసి నేర్చుకుని, చివరికి కొత్తగా వచ్చేవాళ్లకు కర్ర పట్టుకోవడం నేర్పే దాకా వచ్చాడు.

"పన్నెండేండ్లు ఆ గడ్డి మీద తిరిగినా అన్నా. నా బిడ్డలు ఒక్క దినం గూడ దాని మీద కాలు పెట్టలే. గేటు కాడ నిలబెడతారు. అందుకే ఈడ పెడతాండా. మొగుడు, పెండ్లాం, పిల్లోళ్లు అందరూ కలిసి రావాల. నంద్యాల్లో అట్లా పొయ్యేదానికి యాడుంది జాగా? సినిమా, లేకుంటే బిర్యానీ. నా దాంట్లో అర్ధగంట చాలు. ఎండ లేదు, దుమ్ము లేదు. పనికి పోయేటోళ్లు పనికి పోతా పోతా వచ్చి ఆడుకోవచ్చు."

నాకు నచ్చింది. ఇందులో కథ ఉంది అనుకున్నాను. మా వృత్తిలో ఆ మాట మనసులోకి వచ్చిన క్షణం నుంచే మనిషి కొంచెం కనపడకుండా పోతాడు. అప్పుడు నాకది తెలియదు.

ఆళ్లగడ్డ రోడ్డు మీద పాత దూది గోడౌన్ అద్దెకు తీసుకున్నాడు. రేకుల కప్పు కింద థర్మాకోల్ వేయించి, రెండు ఏసీలు పెట్టించాడు. నేల మీద పచ్చటి చాప. ఒక చివర పైనుంచి కిందికి వేలాడే మందమైన తెల్లటి తెర. దాని మీద మైదానం బొమ్మ పడుతుంది. ఇవతల నిలబడి నిజం బంతిని తెరలోకి కొట్టాలి. బంతి వేగాన్ని యంత్రం కొలిచి, అది ఎంత దూరం పోయేదో తెర మీద చూపిస్తుంది. పిల్లలకు చిన్న కర్రలు. పెద్దవాళ్లకు కుర్చీలు. ఉదయం పదింటి నుంచి పన్నెండింటి దాకా ఆడవాళ్లకే. అతని భార్య కౌంటర్ చూసుకుంటూ ఉగ్గాని, బజ్జి, టీ చేసిపెట్టేది. ఇంత ఆలోచించి పెట్టిన వ్యాపారాన్ని నేను ఆ ఊళ్లో ఎక్కువ చూడలేదు.

తెరిచే రోజుకు రెండు రోజుల ముందు ఫొటో కోసం పోయాను. ఫొటోగ్రాఫర్ పెళ్లి పని ఒకటి ఉండి తొందర పెడుతున్నాడు. తెర మీద బొమ్మ వేయించి చూశాం. తెర వదులుగా వేలాడుతోంది. పచ్చిక మైదానం అలలు అలలుగా, ఉతికి ఆరేసిన చీర మీద అచ్చుగుద్దినట్టు ఉంది. మధ్యలో చెట్టు రెండుగా విరిగి కనిపిస్తోంది.

"ఇట్లయితే పేజీలో పడదు" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"అప్పా, ఆ గుడ్డ లాగి కట్టించు. ముడతలు పోవాల" అన్నాను.

"అన్నా, అది వదులుగానే ఉండాలన్నా. బెంగళూరులో గూడ..."

"పది నిమిషాలే కదప్పా. ఫొటో అయినాక ఇప్పుకో."

అతను ఇంకేదో చెప్పబోయాడు. నేను అప్పటికే కుర్చీ ఎక్కి తెర పై అంచు లాగి చూస్తున్నాను. తాళ్లు తెప్పించాం. అతను రెండు మూలలు, అతని భార్య ఒక మూల, నేను ఒక మూల లాగి కట్టాం. నాలుగో మూల ముడి నాది. కింద కుడివైపు, ఇనుప స్తంభానికి. చిన్నప్పుడు మా నాయన ఎద్దులబండికి బస్తాలు కట్టేటప్పుడు వేసే ముడి. లాగిన కొద్దీ బిగుసుకుంటుంది, అంత తేలిగ్గా ఊడిరాదు. వేసినందుకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

తెర పలకలా తయారైంది. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇది నేను ఆ రోజు కొత్తగా చేసిన పని కాదు. ఎండిన చేనుకు పోతే రైతును నుదుటి మీద చేయి పెట్టుకుని ఆకాశంలోకి చూడమనేవాళ్లం. నీళ్ల కొరత వార్తకు పోతే ఖాళీ బిందెలు వరసగా పెట్టించేవాళ్లం. లేని బిందెలు పక్కింటి నుంచి తెప్పించిన రోజులూ ఉన్నాయి. రైతు కష్టం నిజమే, నీళ్ల కొరత నిజమే, కాస్త సర్దితే తప్పేముందని మా లెక్క. ముప్పై ఏళ్లలో ఎవరికీ దెబ్బ తగల్లేదు. తగిలినా మాకు తెలిసే వీలు లేదు. ఫొటో అయ్యాక మేం వెనక్కి తిరిగి చూసేవాళ్లం కాదు.

తెరిచే రోజు ఉదయం మా జిల్లా పేజీలో సగం దాకా ఆ ఫొటో వచ్చింది. "పని ఒత్తిడిలో ఉన్నవారికి ఇంటిల్లిపాదీ ఆడే ఆట" అని నేనే శీర్షిక పెట్టాను. పిల్లలు సైతం నిశ్చింతగా ఆడుకోవచ్చని లోపల రాశాను. నిశ్చింతగా అన్న మాట నాకెవరూ చెప్పలేదు. వాక్యం నిండుగా ఉంటుందని నేనే పెట్టాను.

పూజకు ఆళ్లగడ్డ నుంచి అతని తండ్రి వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. ఎడమ కంట్లో తెల్లటి మచ్చ. ఎన్నో ఏళ్ల కింద రాతి పెచ్చు లేచి తగిలిందట. కొడుకు చూపించినవన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. చివరికి తెర దగ్గరికి పోయి అరచేయి ఆనించి నొక్కాడు. విగ్రహానికి రాయి ఎంచుకునేటప్పుడు నొక్కుతారే, అట్లా.

"ఇదేందిరా, ఇట్లా బిగుసుకుని ఉండాది?"

"ఫొటోకి కట్టినాం నాయనా. రేపు ఇప్పుతాలే."

"కొట్టింది ఏదైనా యాడికో ఒక పక్కకి పోవల్ల గదరా. ఇది పోనిచ్చేటట్టు లేదే."

నేను పక్కనే ఉన్నాను. విన్నాను. పెద్దాయన అన్నింటినీ రాయే అనుకుంటాడు అనుకున్నాను.

కొడుకు మాట తప్పలేదు. మర్నాడు తెర వదులు చేశాడు. నాలుగో మూల ముడి ఊడక కత్తితో తాడు కోశానని నాకు చెప్పి నవ్వాడు కూడా. కానీ ఆ రోజు వచ్చినవాళ్లలో సగం మంది చేతుల్లో మా పేపరు ఉంది. ఆత్మకూరు నుంచి కారులో వచ్చిన కుటుంబం ఒకటి పేపరు మడత విప్పి తెర పక్కన పెట్టి చూసింది.

"ఏందప్పా, పేపర్లో ఒక మాదిరుండాది, ఈడ ఒక మాదిరుండాది. ఇది పాత చీర గదా?"

ఇంకొకాయన "దుడ్లు తీసుకున్యాక గుడ్డ మార్చినాడు" అన్నాడు. వెనకవాళ్లు నవ్వారు.

మూడో రోజు నేను పోయేసరికి తెర మళ్లీ ఫొటోలో ఉన్నట్టే ఉంది. కొత్త తాడు. నాలుగో మూల దగ్గర అతను నన్ను పిలిచాడు.

"అన్నా, ఆ పొద్దు నువ్వేసిన ముడి ఇంకోపాలి వేస్తావా? నేనేస్తే జారిపోతాంది."

వేశాను. అతను మళ్లీ వదులుగా ఉండాలన్న మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

నాలుగు నెలలు బాగా నడిచింది. విత్తనాల కంపెనీల్లో పనిచేసేవాళ్లు, లెక్చరర్లు, డాక్టర్లు, ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చే కుటుంబాలు. మా ఇల్లు ఆ దగ్గర్లోనే కాబట్టి ఆదివారం సాయంత్రాలు నేనూ పోయేవాణ్ని. బంతి తెరకు తగిలితే డప్పులా మోగేది. పిల్లలకు ఆ మోత ఇష్టం. తగిలిన బంతి చాప మీద దొర్లుకుంటూ కొట్టినవాళ్ల కాళ్ల దగ్గరికి వచ్చేది.

"చూసినావా, బంతి గూడ మనకాడికే వస్తాంది. ఏరుకునే పనే లేదు" అని మెచ్చుకునేవాళ్లు.

బంతులు ఏరి బతికిన మనిషికి ఆ మాట ఎలా అనిపించిందో నేను అడగలేదు. ఒకసారి ఒక కాలేజీ కుర్రాడు గట్టిగా కొడితే బంతి తిరిగొచ్చి నా కుర్చీ పక్క స్టూలు మీది టీ గ్లాసును పగలగొట్టింది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. "గురి బాగుందిరా" అన్నాను. కౌంటర్ దగ్గర, హాలు నడిపే మనిషి భార్య మాత్రం నవ్వలేదు. గాజు పెంకులు ఊడ్చుతూ తెర వైపు, తర్వాత నా వైపు చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. తెలియనట్టు ఉండటం తేలిక కాబట్టి అట్లాగే ఉన్నాను.

వచ్చేవాళ్లంతా కొత్తవాళ్లు. బంతి గట్టిగా పోయేది కాదు. అందుకే మెల్లగా తిరిగొచ్చేది. ఒకడు బాగా నేర్చుకునే దాకా ఏమీ కాలేదు. ఆ నేర్చుకున్నవాడు ఆ పాప తండ్రి. విత్తనాల కంపెనీలో ఫీల్డు పని, వారమంతా ఊళ్ల మీద తిరుగుడు. భార్య బడి టీచరు. ఆదివారం ప్రార్థన అయ్యాక ముగ్గురూ వచ్చేవాళ్లు. పాప పక్కనున్న బెంచీ మీదే కూర్చునేది. ఆ రోజు తన వంతు వచ్చిందని చెప్పడానికి దిగి తండ్రి వెనకకు వచ్చింది.

నంద్యాలలో డాక్టరు కన్ను చూసి వెంటనే కర్నూలు తీసుకుపొమ్మన్నాడు. వాళ్లు కారులో పోయారు. నేను ఆఫీసుకు పోయాను.

ఎడిషన్ డెస్కు నుంచి ఫోన్. "కారణమేంటి?"

"విచారణలో తేలాలి" అన్నాను.

సింగిల్ కాలమ్ రాశాను. ప్రమాదవశాత్తు గోల్ఫ్ బంతి తగిలి బాలికకు గాయం. నా ఉద్యోగంలో ఎక్కువసార్లు వాడిన మాట ప్రమాదవశాత్తు. బావిలో పడ్డా, కరెంటు తీగ తగిలినా, ఎవరో తోసినా కూడా. రాసేటప్పుడు అది ఎవరి మీదా నింద వేయని మర్యాద గల మాట అనిపిస్తుంది. ఆ రోజు అది నన్ను దాచింది.

వేరే పత్రికలు నిర్వాహకుడి నిర్లక్ష్యం అని రాశాయి. మూడో రోజు పోలీసులు కేసు పెట్టారు. బెంగళూరులో తెర అమ్మినవాళ్లను ఫోన్లో అడిగితే, తెర వదులుగా కట్టాలనీ, బిగిస్తే బంతి అంతే వేగంతో తిరిగొస్తుందనీ చెప్పారట. ఎందుకు బిగించావని అతన్ని అడిగారు. నేనే కట్టినా సార్ అన్నాడు. అంతే. హాలుకు తాళం వేసి సీలు పెట్టారు.

రెండు వారాల తర్వాత ఒక ఉదయం పాప తల్లి మా ఆఫీసుకు వచ్చింది. భుజాన బడి సంచి. రెండు ఆపరేషన్లయ్యాయని చెప్పింది. కంటి వెనక పొర ఊడిపోయిందట. అతికించారు, నిలుస్తుందో లేదో చెప్పలేమంటున్నారట.

"తెరిచిన రోజు పేపరు కావాల సార్. మాది యాడ పోయిందో. లాయరు అడుగుతాండాడు."

పాత ఫైలు తీసి ఇచ్చాను. ఆమె నిలబడే చూసింది.

"ఎంత నీట్‌గా ఉండాదో సార్ అప్పుడు. ఇది చూసే మా ఆయన పోదాం అన్న్యాడు. మీరే గదా సార్ రాసింది?"

"నేనేనమ్మా."

"బాగా రాసినారు సార్."

వెటకారం కాదు. నిజంగానే అంది. జిరాక్సు కోసం ఆగినప్పుడు తనంతట తనే చెప్పింది. "ఆయన పాపకు కుడిపక్కనే కూచ్చుంటాండాడు సార్. అన్నం తినేటప్పుడు గూడ. ఎడంపక్కకు రాడు. ఆ పాపేమో, డాడీ, అంత బాగా కొట్టినావు, ఎన్ని గజాలు పోయింది అని అడుగుతాది."

నేను చెప్పవలసిన క్షణం అదే. కుర్చీ ఎక్కి తెర లాగించింది నేనని, ఆ ఫొటోలో కుడివైపు కింద కనిపించే ముడి నాదని. ఆమె చేతిలో ఆ ఫొటో ఉంది. వేలు పెట్టి చూపిస్తే చాలు. జిరాక్సు వచ్చింది. ఆమె మడిచి సంచిలో పెట్టుకుంది. నేను గేటు దాకా వచ్చి ఆటో మాట్లాడిపెట్టాను. ఎవరికైనా అన్యాయం చేసిన రోజున మనిషి ఎంత మర్యాదగా ఉంటాడో నాకు అప్పుడు తెలిసింది.

మరుసటి వారం ఆళ్లగడ్డ పోయాను. బెయిలు మీద బయటికి వచ్చిన మనిషి తండ్రి దగ్గర ఉంటున్నాడని విన్నాను. రోడ్డు పక్కన పందిరి కింద సగం చెక్కిన విగ్రహాలు నిలబడి ఉన్నాయి. కొన్నింటికి చేతులు ఇంకా రాలేదు. పెద్దాయన ఒక రాయి పక్కగా కూర్చుని ఉలి కొడుతున్నాడు. ఎదురుగా కాదు, పక్కగా. పెచ్చులు అవతలికి లేచి పడుతున్నాయి. కొడుకు కొంచెం దూరంలో నీళ్లు పోసి ఒక పీఠం నునుపు చేస్తున్నాడు. తెల్లటి టోపీ లేదు.

"కూచ్చో అప్పా" అన్నాడు పెద్దాయన. "ఆడ కాదు. ఈ పక్కకి రా. ఆడ కంట్లో పడతాది."

ఆయన చూపించిన చోట కూర్చున్నాను. తర్వాత పెద్దాయన ఉలి ఆపకుండానే అన్నాడు.

"ఆ గుడ్డ ఎవురు బిగించమన్నారో మావాడు చెప్పలే. కోడలు చెప్పింది."

"నేనే" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. "పోలీసులకు చెబుతా. ఇతని మీద కేసు తేలిక అవుతుంది."

కొడుకు రుద్దుతున్న చేయి ఆపాడు.

"నువ్వేం చెప్తావన్నా? పది నిమిషాలని నువ్వన్న్యావు. నాలుగు నెలలు ఉంచింది నేను. ఏది పెద్దది?"

"నీకు ఇష్టం లేకపోయినా నేను కట్టించినాను."

"నీకు తెలీదు గదా. నాకు తెలుసు. పన్నెండేండ్లు ఆ పనే చేసినా. తెలిసి కట్టినా. జనం వస్తాండారు, మంచిగుంది అంటాండారు. ఎవురు ఇప్పుతారన్నా?"

"నువ్వు ఆ రోజు చెప్పావు, వదులుగా ఉండాలని."

"చెప్పబోయినా. నువ్వు ఇనలే."

కోపంగా అనలేదు. రాతి మీద నీళ్లు పోసి మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. క్షమించాడని నేను అనుకోవడానికి కూడా అతను చోటివ్వలేదు.

పెద్దాయన లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తన కంటి మచ్చ వేలితో చూపించాడు.

"ఇది మా అన్న కొట్టిన దెబ్బకి లేసిన పెచ్చు. వాడు చచ్చేదాకా, నేనట్లా కొట్టలేదు, నువ్వే ముందరికొచ్చినావు అన్న్యాడు. నేను ముందరికొచ్చిన మాట నిజమే. అయినా నా దెబ్బే అని వాడు ఒక్కపాలి అనింటే బాగుండు అనిపిస్తాది నాకు, ఇప్పుడు గూడ. నువ్వు పొయ్యి చెప్పు అప్పా. కేసు కోసరం కాదు."

ఆ మధ్యాహ్నమే నంద్యాల స్టేషన్‌కు పోయాను. ఎస్సై నాకు తెలిసినవాడే. ఎన్నో వార్తలకు కలిసి తిరిగాం. కుర్చీ వేయించి కూర్చోబెట్టాడు. అంతా చెప్పాను. విన్నాడు.

"మీకేం సంబంధం సార్? ఫొటో కోసం సర్దమంటే నేరమా? అట్లయితే మీ పేపర్లో రోజూ వచ్చే ఫొటోలన్నిటికీ కేసులు పెట్టాల. ఆయన ఒప్పుకున్నాడు, ఎక్స్‌పర్ట్ చెప్పినాడు. అయిపోయింది. మిమ్మల్ని ఇందులోకి లాగితే రేపు లాయర్లు మిమ్మల్నే పట్టుకుంటారు. ఈ వయసులో ఎందుకు సార్? టీ చెప్తా."

రాసుకోండి అని నేను పట్టుబట్టవచ్చు. తెల్ల కాగితం అడిగి నేనే రాసివ్వవచ్చు. రాయడమే నా పని. టీ వచ్చింది. తాగాను. చెప్పాను కదా అన్న తృప్తితో బయటికి వచ్చాను. ఇంటికి నడుస్తుంటే ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. ఆ తేలికదనం తలచుకుంటే ఈ రోజుకూ నాకు సిగ్గేస్తుంది.

ఆ తర్వాత మూడు నెలలకు రిటైరయ్యాను. సన్మాన సభలో మా ఎడిషన్ ఇన్‌చార్జి ఎంపిక చేసిన నా ఆరు పేజీలు ఒక ఫ్రేములో పెట్టించి ఇచ్చాడు. ఆరింట్లో ఒకటి ఆ గోల్ఫ్ పేజీ. ఫొటో బాగుందని అదీ పెట్టామన్నాడు. శాలువా కప్పేటప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఫ్రేము మా ఇంట్లో బీరువా వెనక గోడకు తిప్పి పెట్టి ఉంది.

పాపకు ఇప్పుడు పదేళ్లు. ఎడమ కంటికి వెలుతురు, చీకటి మాత్రమే తెలుస్తాయని విన్నాను. పెద్దయ్యాక ఇంకో ఆపరేషన్ ప్రయత్నిస్తారట. తండ్రి నంద్యాల వదిలి జూపాడు బంగ్లా వైపు బదిలీ చేయించుకున్నాడు. భార్యాబిడ్డలు ఇక్కడే. ఆదివారం వస్తాడు. పాప మళ్లీ బడికి పోతోంది, ముందు బెంచీలో ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోబెట్టారని చెప్పారు. ఒకసారి బజార్లో తల్లీకూతుళ్లు ఎదురయ్యారు. పాప నన్ను గుర్తుపట్టి నమస్తే పెట్టింది. నా వైపు చూడటానికి తల కాస్త పక్కకు తిప్పింది.

ఆ తల్లికి నేను ఇంతవరకు చెప్పలేదు. ఈ వ్యాసం అచ్చయితే బహుశా ఇందులోనే మొదటిసారి చదువుతుంది. ఎదురుగా చెప్పలేనిది అచ్చులో చెప్పడం మా వృత్తివాళ్లకు అలవాటైన పిరికితనం.

కేసు నడుస్తోంది. సాక్షుల జాబితాలో నా పేరు కూడా ఉంది. తొమ్మిదోది. ఫొటో ఫలానా తేదీన ప్రచురితమైందని ధ్రువీకరించడానికి మాత్రమే. నా వంతు ఇంకా రాలేదు. వాయిదాలు పడుతున్నాయి. ఆ బోనులో నిలబడ్డాక అడిగినదానికే సమాధానం చెబుతానో, అడగనిది కూడా చెబుతానో నాకు నేనే హామీ ఇచ్చుకోలేకపోతున్నాను.

పోయిన వారం గోడౌన్ యజమాని కనిపించి వాపోయాడు. సీలు ఎప్పుడు తీస్తారో, ఎవరిని అడగాలో తెలియడం లేదట. కిటికీ రేకు సందులోంచి చూశాడట. ఏసీల వైర్లు ఎలుకలు కొరికాయి, చాపకు చెమ్మ పట్టింది. కేసు తేలేదాకా లోపల దేన్నీ కదిలించకూడదు. తెర మాత్రం ఎక్కడా ముడత పడకుండా అట్లాగే ఉందట. నాలుగు మూలలూ కట్టినవి కట్టినట్టే ఉన్నాయట.